మూడేళ్ల గడువు

మా ఆపా కూతురు గుడివాడలో కూచుని స్పానిష్ చదువుతోంది. హైదరాబాదు ఇఫ్లూలో, అంటే పాత సీఫెల్‌లో, పట్టా తెచ్చుకుంది. ఇప్పుడు ‘డెలె’ పరీక్షకు కడుతోంది. స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ సంస్థ పెట్టే పరీక్ష అది. ఆరు మెట్లలో ఐదోది, సి1. నూటికి అరవై వస్తే చాలదు, రెండు భాగాల్లోనూ యాభైకి ముప్పై చొప్పున రావాలి. ఒక ప్రసంగం విని దాని మీద 220 నుంచి 250 మాటల్లో వాదన రాయాలి.

స్పానిష్ అంటే ఊళ్లో అందరికీ గొప్పే. ఇదే పిల్ల చిన్నప్పుడు బడిలో పక్క పిల్లతో ఇంటిభాష మాట్లాడితే “ఇక్కడ తురకం మాట్లాడొద్దు” అన్నారు. పరాయి భాషల్లోనూ అంతస్తులున్నాయి మరి. మా ఉర్దూ పరాయిది ఎప్పుడైందో, అది వేరే గొడవ.

ఓ రోజు బందరు వచ్చి నా ముందు నోటుబుక్కు తెరిచింది. “మామూ, ఇవన్నీ మనకు తెలిసిన మాటలే!” అంది. నారింజను అక్కడ ‘నరాన్ఖ’ అంటారు. చక్కెర ‘అసూకర్’. పత్తి ‘అల్గొదోన్’, అరబీలో కుత్న్. మేయర్ని ‘అల్కాల్దె’ అంటారు, ఆయన మన ఖాజీగారే. సుంకం కచేరీ ‘అదువానా’, మన దివాణం. ‘దాకా’ అనడానికి ‘ఆస్తా’, ఉర్దూలో మనం వాడే హత్తా. శర్కర, నారంగ అనే మాటలు ఇక్కణ్ణుంచే బయలుదేరి పారశీకం, అరబీ మీదుగా అంత దూరం పోయాయి. బందరు అన్న మాట కూడా పారశీకమే. రేవు అని అర్థం.

ఆ మాటలు అక్కడ ఊరికే దిగలేదు. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఏదో ఒక మూల ముస్లింల ఏలుబడి ఉంది. 1492 జనవరి 2న గ్రెనడా కూడా లొంగింది. మీ మతం, మీ మసీదులు, మీ ఖాజీలు మీకుంటాయని ఒప్పందం రాసిచ్చారు. పదేళ్లకే బాప్తిజం తీసుకుంటారా, దేశం విడుస్తారా అన్నారు. బాప్తిజం తీసుకున్నవాళ్లకి ‘మోరిస్కో’లని పేరు పెట్టారు. మతం మారారు గదా, అక్కడితో అయిపోవాలి. కాలేదు. 1567 జనవరి 1న రెండో ఫిలిప్ రాజు శాసనాన్ని గ్రెనడాలో చాటించారు. మూడేళ్లలో అందరూ స్పానిష్ నేర్చుకోవాలి. ఆ తర్వాత ఇంట్లోగానీ వీధిలోగానీ అరబీ మాట్లాడినా, చదివినా, రాసినా నేరం. పాత పేర్లు పెట్టుకోకూడదు, ఆడవాళ్లు ముసుగు వేసుకోకూడదు. శుక్రవారం ఇంటి తలుపులు తెరిచే ఉంచాలి.

ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలే అనే ముసలాయన, తానూ మోరిస్కోనే, గ్రెనడా న్యాయస్థానం అధ్యక్షుడికి అర్జీ పెట్టుకున్నాడు. మాల్టాలో క్రైస్తవులు అరబీ మాట్లాడతారు గదా, వాళ్ల క్రైస్తవానికి ఏం లోటొచ్చింది? మా బట్టలు మా ఊరివి, మతానివి కావు. కొండపల్లెల్లోని ముసలీముతకా మూడేళ్లలో కొత్త భాష ఎట్లా నేరుస్తారు? ఇదీ ఆయన వాదన. ఎవరూ వినలేదు. 1568 చివర్లో ఆల్పుహర్రాస్ కొండల్లో తిరుగుబాటు లేచింది, అణిచేశారు. 1609–14 మధ్య సుమారు మూడు లక్షలమందిని దేశం నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో ఎంతోమందికి అప్పటికే అరబీ పోయి స్పానిషే మిగిలింది. ఆ స్పానిష్‌నే అరబీ లిపిలో రాసుకునేవాళ్లు. 1884లో అరగాన్‌లోని ఒక పల్లెలో పాత ఇల్లు పడగొడుతుంటే దొంగనేల కింద అలాంటి రాతప్రతులు బయటపడ్డాయి. రాజు పెట్టిన పరీక్ష పాసయ్యారు, దేశం మాత్రం దక్కలేదు.

ఆ రోజుల్లోనే ఇక్కడ గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్ షా (1550–80) ఏలుతున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. కుతుబ్ షాహీల ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడేవి. చివరి సుల్తాను తానీషా తమ అగ్రహారం ఇచ్చాడని కూచిపూడి భాగవతులే చెప్పుకుంటారు. ఆ ఊరు మా బందరుకు ఎంతో దూరం లేదు. అట్లాగని గోల్కొండవాళ్లు ధర్మప్రభువులని నేననను. శిస్తులు, సుంకాలు గుత్తకిచ్చి జనాన్ని పిండించారు. కానీ తెలుగు రైతుని మూడేళ్లలో పారశీకం నేర్చుకోమనలేదు. తురకలు మన భాషను తుడిచేశారని ఉపన్యాసాలిచ్చేవాళ్లు దీన్ని కాస్త పట్టించుకోవాలి.

ఇక్కడితో ఆపితే నాకు సుఖంగానే ఉండేది. మూలే అర్జీ కథ చెప్పి, సాధన కోసం దాని మీదే వాదన రాయమన్నాను మా పిల్లని. రాసింది. తెలుగులో చెప్పించుకున్నాను. చివరి పేరాలో దివిసీమ ఉంది.

ఆ మధ్య తనకి అవనిగడ్డ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి టీచరు. ఐదుపూటలా నమాజు చేసే ఇల్లు. నూర్‌బాషాలు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. “ఉర్దూ రాని ఇల్లు” అని మా పెద్దలు వద్దన్నారు. ఆ పెద్దల్లో నేనూ ఉన్నాను. మసీదులో మన పక్కన భుజం ఆనించి నిలబడే దూదేకుల సాయిబుని బయటికొచ్చాక భాష రాదని వెక్కిరించడం మా ఇళ్లలో కొత్తేం కాదు.

“ఆ రాజు మూడేళ్లయినా గడువిచ్చాడు మామూ. మనం వాళ్లకి ఎన్నాళ్లిచ్చాం?” అనడిగింది.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. దిద్దుదామంటే నాకు స్పానిష్ రాదు. ఆదివారం గుడివాడ వెళ్లి ఆపాతో మాట్లాడాలి.