రంగం నవలల్లో మనవాళ్ళు

నవలను చరిత్రగా చదవగూడదని చరిత్రకారులు అంటారు. చరిత్రగా చదివితే సాహిత్యం చచ్చిపోతుందని విమర్శకులు అంటారు. నేను తరగతిలో చరిత్ర చెబుతూ, బయట సాహిత్యం గురించి మాట్లాడుతూ ఉండేవాణ్ణి గనుక రెండు పక్షాల చేతా చీవాట్లు తింటూ వచ్చాను. ఐనా నా అభిప్రాయం మారలేదు. ఆసియాలో వలసపాలన ఎలా నడిచిందో తెలియాలంటే గెజెట్లతోపాటు నవలలు కూడా చదవాలి. మారినదల్లా ఎలా చదవాలన్న విషయంలోనే. ఆ మార్పు నా అంతట నాకు వచ్చినది కాదు.

చాలా ఏళ్ళపాటు విద్యార్థులకు జార్జి ఆర్వెల్ 'బర్మీస్ డేస్'ను సామ్రాజ్యవాదం మీద మంచి అభియోగపత్రంగా పరిచయం చేశాను. అందుకు కారణాలున్నాయి. ఆర్వెల్ గ్రంథాలయంలో కూర్చుని సామ్రాజ్యాన్ని తిట్టినవాడు కాదు. 1903లో బీహారులోని మోతీహారిలో పుట్టాడు, తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తాను స్వయంగా 1922 నుంచి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడు. లాఠీ పట్టుకున్న చేత్తోనే రాశాడు గనుక ఆ రాతకు బరువుంది. పరువునష్టం దావాలకు భయపడి లండనులో వెంటనే అచ్చు వెయ్యలేదు. 1934లో ముందు అమెరికాలో వెలువడింది, మరుసటి ఏడు పేర్లు మార్చి ఇంగ్లండులో వేశారు.

కథానాయకుడు ఫ్లోరీ టేకు కలప వ్యాపారి. మనం ఇక్కడికి దోచుకోవడానికే వచ్చామని అతను నాలుగు గోడల మధ్య ఒప్పుకుంటాడు. తమాషా ఏమిటంటే, ఆ మాటను ఖండించి బ్రిటిషు పాలన వల్ల కలిగిన మేళ్ళన్నీ ఏకరువు పెట్టేవాడు భారతీయుడైన డాక్టరు వీరాస్వామి. ఆ సంభాషణను నేను క్లాసులో చాలా ఉత్సాహంగా చెప్పేవాణ్ణి. ఏలేవాడికి లేని నమ్మకం ఏలబడేవాడికి ఉండడం! వలసపాలన మనిషి బుద్ధిని ఎట్లా వంచుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక ఏడు ఈ పాఠం ముగిశాక విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ, ఇందులో మనవాళ్ళు ఎక్కడున్నారండీ?" అని అడిగింది. వీరాస్వామి ఉన్నాడు కదమ్మా అన్నాను. "ఆయన డాక్టరు గదండీ. రంగం వెళ్ళినవాళ్ళలో డాక్టర్లెంతమంది?" అంది. వాళ్ళది బర్మా క్యాంపట.

ఆ రాత్రి పుస్తకం మళ్ళీ తీశాను. వీరాస్వామి కాక దక్షిణాదివాడుగా నాకు గుర్తున్నది యూరోపియన్ క్లబ్బులో బట్లరు ఒక్కడే. నల్లగా లావుగా ఉన్న ద్రావిడుడని వర్ణించి, అతని కళ్ళను కుక్క కళ్ళతో పోలుస్తాడు రచయిత. వాడు మంచి ఇంగ్లీషులో జవాబు చెప్పినందుకు ఎల్లిస్ అనే తెల్లవాడు మండిపడతాడు. ఆ మండిపాటును ఆర్వెల్ ఎద్దేవా చేశాడు, అది నిజమే. కాని ఆ బట్లరుకు ఊరు లేదు, ఇల్లు లేదు, ఆ నౌకరీకి ఎలా వచ్చాడన్న ప్రశ్నే లేదు.

ఆ ప్రశ్నకు సమాధానం మన కోస్తాలో ఉంది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఏటా వేలమంది డెక్కు మీద పడుకుని సముద్రం దాటేవాళ్ళు. రంగూన్‌ను రంగం అనేవాళ్ళు. వాళ్ళను బర్మాలో కోరంగీలు అన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1839 తుపాను ఆ రేవును నాశనం చేసినా పేరు మాత్రం మనుషులకు అంటుకునే ఉంది. రైసు మిల్లుల్లో బస్తాలు మోసినదీ, ఓడలకు సరుకు ఎత్తినదీ, రిక్షాలు లాగినదీ ఎక్కువగా వాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు, రంగూన్ నగరంలో సగం మంది కన్నా ఎక్కువ. ఆర్వెల్ కథ కథా అనే చిన్న ఎగువ పట్నం నమూనాగా నడిచిందనీ, అక్కడ ఈ జనం కనబడనక్కర లేదనీ అనవచ్చు. నేనూ అలాగే సమర్థించుకోజూశాను. కాని ఆయన రంగూన్‌కు నది ఆవలనున్న సిరియంలో, చమురు శుద్ధి కర్మాగారం పక్కన కూడా ఉద్యోగం చేశాడు. చూడలేదనడానికి వీల్లేదు. చూసినవాళ్ళు కథకు అక్కరకు రాలేదు.

నవల వెలువడడానికి నాలుగేళ్ళ ముందు, 1930 మేలో, రంగూన్ హార్బరులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడ సరుకుల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. కొద్ది రోజులకు సమ్మె పరిష్కారమై పాతవాళ్ళు తిరిగి వచ్చేసరికి, కొత్తవాళ్ళను ఉత్త చేతులతో పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది మనవాళ్ళు. కంపెనీల సరుకు మాత్రం మళ్ళీ ఓడలకెక్కింది.

దీన్ని బర్మావాళ్ళ జాతిద్వేషంగా చెప్పుకుని కన్నీరు కార్చే మిత్రులు నాకున్నారు. వారితో నేను ఏకీభవించలేను. అదే సంవత్సరం డిసెంబరులో సయా సాన్ నాయకత్వాన థారవడి రైతులు తిరుగుబాటు చేశారు. ధాన్యం ధర పడిపోయింది, తలపన్ను మాత్రం తగ్గలేదు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో చెట్టియార్ వడ్డీ వ్యాపారుల చేతిలోని భూమి 1930లో నూటికి ఆరు వంతులుండగా, 1938 నాటికి నూటికి పాతిక వంతులైంది. ఆ రైతు కంటికి వడ్డీ వ్యాపారీ, బస్తా మోసే కూలీ ఒకే ఓడ దిగినవాళ్ళు. ఇద్దరికీ తేడా చెప్పవలసిన ఉద్యమం అప్పటికి బలంగా లేదు. సయా సాన్‌ను 1931లో ఉరితీశారు.

అమితావ్ ఘోష్ 'ది గ్లాస్ ప్యాలెస్' 2000లో వచ్చింది. థీబా రాజును 1885లో రత్నగిరికి ప్రవాసం పంపినప్పటి నుంచి, 1942లో జపాను సేనల ముందు లక్షలాది భారతీయులు కాలినడకన అడవులు దాటి పారిపోయినప్పటి వరకు అందులో ఉంది. ఆర్వెల్ వదిలిన ఖాళీని ఇది చాలావరకు పూరిస్తుంది. నాకు ఎక్కువ నచ్చినది ఒకటుంది: దిక్కులేని పిల్లవాడుగా బర్మా చేరిన రాజ్‌కుమార్ కలప వ్యాపారి కాకముందు కూడబెట్టిన డబ్బు కూలీలను ఓడల మీద తరలించగా వచ్చినదే. రచయిత దాన్ని దాచలేదు. పీడితుడు పైకి రావడానికి వేసుకున్న నిచ్చెన ఇంకొక పీడితుడి వీపు! ఐతే ఆ వీపు ఎవరిదో ఇక్కడా సరిగా తెలియదు. కథ కుటుంబాలది, కుటుంబాలు ఆస్తిపరులవి.

ఈ సంగతులన్నీ మరుసటి వారం క్లాసులో చెప్పాను. మేస్త్రీ పద్ధతి కూడా వివరించాను: ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి కూలీని కట్టెయ్యడం, అక్కడ జీతంలోంచి తన వాటా కోసుకోవడం, అప్పు తీరేదాకా కదలనివ్వకపోవడం. కొంత ఆవేశంగానే చెప్పి ఉంటాను. ఆ అమ్మాయి తల వంచుకుని రాసుకుంటూ ఉంది.

సెలవులకు ఇంటికి వెళ్ళివచ్చాక నా గదికి వచ్చింది. వాళ్ళ కుటుంబం 1964లో, అంగళ్ళూ మిల్లులూ అక్కడి సైనిక ప్రభుత్వం జాతీయం చేసినప్పుడు తిరిగివచ్చినవాళ్ళలో ఉందట. ముత్తాత సంగతి నాయనమ్మను అడిగిందట.

"ఆయన కూలీ కాదండి మాస్టారూ. మేస్త్రీ అటండి. మా ఊళ్ళవాళ్ళని ఆయనే ఓడెక్కించేవాడట."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఇది రాస్తావా అమ్మా, అని అడిగాను. ఆయన ఎక్కించినవాళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తున్నాయేమో ముందు కనుక్కుంటానంది.