లైంగిక నేరస్తులకు జైల్లో చికిత్స: పనిచేసిందని ఎలా తేలుతుంది?

గండిమైసమ్మ ఉన్న మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనే చర్లపల్లి కేంద్ర కారాగారం ఉంది. ఖైదీల ప్రవర్తన మార్చేందుకు తెలంగాణ జైళ్లలో ‘ఉన్నతి’ వంటి కార్యక్రమాలు నడిచాయి. ‘కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లు మళ్లీ జైలుకు రాలేదు’ అని ఎవరైనా చెబితే మేము ముందుగా అడిగేది ఒకటే: ఎవరితో పోల్చి చెబుతున్నారు?

ఇంగ్లండ్ అనుభవం

ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో లైంగిక నేరస్తులకు 1990ల ఆరంభం నుంచి బృంద చికిత్స ఇచ్చారు. 2017లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం చికిత్స పొందిన 2,562 మందిని, పొందని 13,219 మందితో పోల్చింది. సగటున 8.2 ఏళ్లలో మళ్లీ లైంగిక నేరం రుజువైనవారు మొదటి గుంపులో 10 శాతం, రెండో గుంపులో 8 శాతం. ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. పోలిక లేకపోతే, ‘90 శాతం మంది మారారు’ అని ప్రచారం చేసుకునేవారే.

మన దగ్గర లెక్క

2019లో దళిత మహిళలపై అత్యాచారం కేసులు 3,486 నమోదయ్యాయని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. అదే ఏడాది దేశంలో విచారణ ముగిసిన అత్యాచారం కేసుల్లో శిక్ష పడింది సుమారు 28 శాతంలోనే. ఊరి పెద్దల రాజీలో ఆగిపోయిన కేసు, సాక్షి భయపడి వెనక్కి తగ్గిన కేసు ఈ లెక్కలోకి రావు. కాబట్టి ‘జైలుకు రాలేదు’ అంటే ‘నేరం చేయలేదు’ అని కాదు.

అడగాల్సినవి

చికిత్స వద్దని మేము అనడం లేదు. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, విడుదలయ్యాక ఎన్నేళ్లు గమనించారు, కొత్త ఫిర్యాదులనూ లెక్కించారా? సమాచార హక్కు దరఖాస్తులో ఈ నాలుగూ అడగండి.