విడిపించిన తరువాత: కూటదంతుని యజ్ఞశాల నుండి చాకులియా గోశాల వరకు

దీఘనికాయంలోని ఐదవది కూటదంత సుత్తం. మగధలోని ఖాణుమత గ్రామంలో కూటదంతుడనే బ్రాహ్మణుడు మహాయజ్ఞం తలపెట్టాడు. 700 ఎద్దులు, 700 కోడెదూడలు, 700 పెయ్యలు, 700 మేకలు, 700 పొట్టేళ్లు యూపస్తంభం వద్దకు చేరాయి. మొత్తం 3,500 ప్రాణులు. వీటిలో అడవి నుండి పట్టి తెచ్చినది ఒక్కటీ లేదు. అన్నీ మనిషి చేతిలో పుట్టి, మనిషి పెట్టిన మేత తిని పెరిగినవే. బుద్ధుని ఉపదేశం విన్న కూటదంతుడు శరణు పొంది, ఆ పశువులన్నిటినీ విడిచిపెట్టాడు. అవి పచ్చగడ్డి మేయాలనీ, చల్లని నీరు తాగాలనీ, చల్లగాలి వాటికి వీవాలనీ కోరుకున్నాడు.

సాధు పశువులను వధ నుండి తప్పించిన ఘటనను ఇంత వివరంగా చెప్పిన ప్రాచీన గ్రంథభాగాలు అరుదు. వ్యాఖ్యాతల దృష్టి సహజంగా యజ్ఞఖండనపైన, దానశీలాల మహిమపైన నిలిచింది. పశువులకు కోరిన మూడు వరాలు కావ్యాలంకారంగా మిగిలిపోయాయి. కాని గడ్డి, నీరు, గాలి అనేవి పశుపోషణలోని మూడు మూలావసరాలు. కట్టు విప్పడంతో పని పూర్తి కాదని, విప్పిన చేతికి మేత బాధ్యత కూడా వస్తుందని ఆ మూడు మాటలు సూచిస్తున్నాయి. భారతదేశంలో పశురక్షణ చరిత్రను ఈ కోణం నుండి పరిశీలిస్తే, ప్రతి యుగంలోనూ ఎదురైన అసలు ప్రశ్న ఒక్కటే: విడిపించిన పశువును మరునాటి నుండి ఎవరు పోషించాలి?

మహావిజితుని కథ, వినయ నిర్ణయం

ఈ ప్రశ్నకు తొలి సమాధానం అదే సుత్తంలో ఉంది. బుద్ధుడు కూటదంతునికి పూర్వకాలపు మహావిజిత రాజు కథ చెప్పాడు. రాజ్యంలో దొంగల బెడద పెరిగినప్పుడు, దండనతో అది తీరదని పురోహితుడు రాజుకు బోధించాడు. కృషి, గోరక్షణ వృత్తులుగా గలవారికి విత్తనాలు, గ్రాసం ఇవ్వాలని, వర్తకులకు పెట్టుబడి, రాజోద్యోగులకు వేతనం సమకూర్చాలని సలహా ఇచ్చాడు. ఆ తరువాతనే యజ్ఞం జరిగింది. అందులో ఆవులను గాని, మేకలను, గొర్రెలను గాని, కోళ్లను, పందులను గాని చంపలేదు. నేయి, నూనె, వెన్న, పెరుగు, తేనె, బెల్లంతోనే క్రతువు ముగిసింది. పశువుల ప్రాణరక్షణకు ముందే పశుపాలకుని బ్రతుకుతెరువు ప్రస్తావన రావడం ఈ కథలోని విశేషం. మేత కొనలేని రైతు పశువును అమ్ముకోక తప్పదన్న ఎరుక ఈ క్రమంలో కనిపిస్తుంది.

ఇతరుల సొత్తయిన ప్రాణిని విడిపించడం దొంగతనమవుతుందా అన్న ప్రశ్న వినయపిటకంలో వచ్చింది. రెండవ పారాజికకు చేర్చిన వినీతవత్థువులలో, ఉచ్చులో చిక్కిన పందిని ఒక భిక్షువు జాలితో విడిపించిన ఉదంతం ఉంది. లేడి, చేపల విషయంలోనూ ఇటువంటి ఉదంతాలే కనిపిస్తాయి. కరుణతో చేసినవానికి ఆపత్తి లేదని, దొంగబుద్ధితో చేసినవాడు పారాజికుడని నిర్ణయం. కార్యం ఒకటే, చేసినవాని అభిప్రాయమే దోషాన్ని నిర్ణయించింది. అయితే ఈ ఉదంతాలలోనివి వేటగాని ఉచ్చులో, జాలరి బుట్టలో చిక్కిన ప్రాణులు. విడిచిన క్షణం నుండి తమ మేత తాము వెదుక్కోగలవు. తరతరాలుగా కొట్టంలో పెరిగిన ఎద్దుకు ఆ వెసులుబాటు తక్కువ.

అర్థశాస్త్రం, అశోకుని ఆజ్ఞలు

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ సమస్యను పాలకుని దృష్టితో చూసింది. దూడను, ఆబోతును, పాడియావును చంపరాదని, చంపినవానికి 50 పణాల దండన అని విధించింది. గోధ్యక్ష ప్రకరణంలో ఇంకా విలువైన సమాచారముంది. లేత దూడలకు, ముసలి పశువులకు, రోగగ్రస్తమైన వాటికి గోపాలకులు చికిత్స చేయాలి. రోగంతో, అంగవైకల్యంతో ఉన్నవి, పితకడానికి లొంగనివి, దూడను చంపుకొనేవి వేరు చేసి, నూరేసి పశువుల మందగా గోపాలకులకు అప్పగించే పద్ధతికి భగ్నోత్సృష్టకమని పేరు. వారు వాటిని సాకుతూ, ఫలంలో తగిన భాగం రాజుకు చెల్లించాలి. ఇది దయాధర్మం కోసం చేసిన ఏర్పాటు కాదు, ఆదాయవ్యయాల లెక్క. అయినా పనికిరాని పశువుకు కూడా ఒక కాపరి, ఒక పద్దు ఉండాలన్న భావన ఇందులో స్పష్టంగా ఉంది.

అశోకుని శాసనాలలో ఈ భావన ధర్మరూపం ధరించింది. కర్నూలు జిల్లాలో గుత్తి–పత్తికొండ మార్గానికి చేరువనున్న ఎర్రగుడి బండలపై పధ్నాలుగు ప్రధాన శిలాశాసనాలు, వాటితోపాటు లఘుశాసనాలు కూడా చెక్కబడ్డాయి. మొదటి శాసనం ప్రాణివధతో కూడిన హోమాన్ని నిషేధించింది. ఒకప్పుడు రాజు వంటశాలలో నిత్యం లక్షల ప్రాణులు చంపబడేవని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేనని, ఇకపై అవి కూడా ఉండవని ప్రకటించింది. వెనువెంటనే వచ్చే రెండవ శాసనం రెండు విధాల చికిత్సను పేర్కొంది: ఒకటి మనుష్యులకు, రెండవది పశువులకు. ఓషధులు లేనిచోట తెప్పించి నాటించడం, దారుల వెంట బావులు త్రవ్వించడం, చెట్లు నాటించడం మనుష్యుల, పశువుల ఉపయోగం కోసమేనని చెప్పింది. చంపవద్దన్న మాట వెంటనే మందు, నీరు, నీడ వచ్చాయి. కూటదంతుని మూడు కోరికలకు ఇది పాలనాపరమైన అనువాదం వంటిది.

ఎర్రగుడి లఘుశాసనం మరొక అడుగు ముందుకు వేసింది. ప్రాణులపట్ల దయ చూపాలన్న నియమాన్ని ఏనుగు మావటీలకు, లేఖకులకు, రథచోదకులకు బోధించవలసిందిగా అధికారులను ఆదేశించింది. పశువును రోజూ చేతితో తాకే వృత్తులవారి పేర్లు ఈ జాబితాలో ఉండడం గమనార్హం.

ఈ ఆజ్ఞలు చెక్కబడిన నేల పశుపాలకుల నేల. దక్కనులోని నవీనశిలాయుగపు బూడిదదిబ్బలు కాలిన పేడతో ఏర్పడినవి. పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో ఎఫ్.ఆర్. ఆల్చిన్ జరిపిన త్రవ్వకాలలో దొడ్ల ఆనవాళ్లతోపాటు పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. అశోకునికి రెండు వేల ఏండ్ల ముందే ఇక్కడి మనిషి మందల మధ్య బ్రతికాడు. ఎర్రగుడి శాసనం విన్నవారికి పశుచికిత్స కొత్త ఊహ కాదు. రాజు దానిని తన కర్తవ్యంగా ప్రకటించడమే కొత్త.

అశోకుని విధానానికి హద్దులున్నాయి. పట్టాభిషేకమైన 26 ఏండ్ల తరువాత వెలువడిన ఐదవ స్తంభశాసనం చంపరాని ప్రాణుల జాబితా ఇచ్చింది. అందులో చిలుకలు, గోరువంకలు, తాబేళ్లు, ఇంకా ఉపయోగానికి గాని తినడానికి గాని పనికిరాని నాలుగుకాళ్ల జంతువులన్నీ ఉన్నాయి. దీనిని బట్టి చూస్తే తినే పశువుకు పూర్తి అభయం లభించలేదు. దక్కినది పాక్షిక రక్షణ. చూలుతో ఉన్న లేదా పాలిచ్చే మేకను, గొర్రెను, పందిని చంపరాదు. ఆరు నెలలు నిండని పిల్లలను చంపరాదు. కోడిపుంజులకు వృషణాలు తీయరాదు. పర్వదినాలలో ఎద్దులకు, మేకపోతులకు, పొట్టేళ్లకు, పందులకు వృషణాలు కొట్టరాదు. తిష్య, పునర్వసు నక్షత్రాలున్న రోజులలో, చాతుర్మాస్య దినాలలో గుర్రాలకు, పశువులకు వాతలు వేయరాదు. జాబితాలోని సండక పదానికి స్వేచ్ఛగా విడిచిన ఆబోతు అని పండితులు అర్థం చెప్పారు. తెలుగువారి నోట నేటికీ వినిపించే అచ్చోసిన ఆంబోతు ఈ ఆచారానికే వారసుడు. ముద్ర వేసి దేవుని పేర విడిచిన ఆ ఎద్దును ఊరంతా మేపేది.

పింజ్రాపోల్ నుండి సింగ్‌భూమ్‌కు

మధ్యయుగాల నుండి పశ్చిమ భారతంలో జైన, వైష్ణవ వర్తకులు నడిపిన పింజ్రాపోల్‌లు ఊరు మోసిన ఈ బాధ్యతను సంస్థ చేతికి మార్చాయి. వర్తకంతోపాటు ఆ పద్ధతి తూర్పుకు వచ్చింది. 1885లో ఏర్పడిన కలకత్తా పింజ్రాపోల్ సొసైటీ శాఖలలో ఒకటి చాకులియాలో ఉంది. చాకులియా నేటి తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో, బెంగాల్ సరిహద్దుకు చేరువగా, హౌరా–టాటానగర్ రైలుమార్గంలో ఉన్న చిన్న పట్టణం. జిల్లా కేంద్రం జంషెడ్‌పూర్.

1907లో ఇనుపకర్మాగారానికి ఎంపికైన సాక్చి గ్రామం 1919లో జంషెడ్‌పూర్‌గా పేరు మార్చుకుంది. నగరం పెరిగినకొద్దీ పాల అవసరం పెరిగింది. ఖటాల్ అని పిలిచే పశువుల కొట్టాలు వెలిశాయి. పాలకోసం సాకే కొట్టంలో మగదూడకు చోటు లేదు. ట్రాక్టరు వచ్చాక పొలంలోనూ దాని పని తగ్గింది. చుట్టుపట్ల సంతాల్, హో, కుడుమి గ్రామాలలో సోహ్రాయి, బాందనా పండుగల నాడు పశువులను కడిగి, కొమ్ములకు నూనె రాసి పూజిస్తారు. తెలుగునాట కనుమ నాటి ఆదరమూ అటువంటిదే. పూజ అందుకున్న ఎద్దు వట్టిపోయిన తరువాత సంతకు, అక్కడి నుండి లారీలోకి ఎక్కుతుంది.

చాకులియా గోశాలలకు చేరే పశువులలో ఇటువంటివి ఉన్నాయి. బంగ్లాదేశ్ సరిహద్దులో సరిహద్దు భద్రతాదళం స్వాధీనం చేసుకున్న పశువులను ధ్యాన్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఇక్కడి తన గోశాలకు చేర్చి సాకుతోంది. పట్టుకోవడం ఒక్కరోజు పని. కాలు విరిగిన ఎద్దుకు కట్టు కట్టడం, వేసవిలో ఎండుగడ్డి కొని తేవడం, పశువు సహజంగా కన్నుమూసే వరకు సాగే పని.

న్యాయస్థానంలో మేత ప్రశ్న

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన తొలి సందర్భాలలో సింగ్‌భూమ్ భాగమైన నాటి బీహారు రాష్ట్రపు 1955 చట్టం ఉంది. మహమ్మద్ హనీఫ్ ఖురేషీ కేసులో 1958లో ఇచ్చిన తీర్పు అన్ని వయసుల ఆవుల, దూడల వధనిషేధాన్ని సమర్థించింది. పనికి వచ్చే ఎద్దులకు, గేదెలకు రక్షణ సమంజసమంది. పనికిరానివాటిపై సంపూర్ణ నిషేధాన్ని ఒప్పుకోలేదు. పశుగ్రాసపు కొరత, గోసదనాల నిర్వహణ వ్యయం తీర్పులో విస్తారంగా చర్చకు వచ్చాయి. 2005లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గుజరాత్ కేసులో ఈ వైఖరిని మార్చింది. పేడ, మూత్రం ద్వారా ముసలి పశువు కూడా ఉపయోగకరమేనని మెజారిటీ భావించింది. అదే ఏడాది జార్ఖండ్ గోజాతి వధనిషేధ చట్టం తెచ్చుకుంది. రెండు తీర్పులూ ఉపయోగమనే కొలమానాన్నే వాడాయి. కూటదంతుడు తన 3,500 పశువులను ఆ కొలమానంతో కొలవలేదు.

హింస వైపు నుండి ఆలోచించిన మరొక ధార కూడా ఉంది. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన రుక్మిణీదేవి అరండేల్ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి బాట వేసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. మనిషి కాని ప్రతి ప్రాణినీ ఈ చట్టం జంతువుగా నిర్వచించింది. కోడి, మేక, పంది ఇందులోకి వస్తాయి. చట్టంలోని 35వ సెక్షను పీడితపశువును చికిత్సాలయానికో పింజ్రాపోల్‌కో పంపే అధికారం న్యాయాధికారికి ఇచ్చింది. కేసులో ఉన్న పశువుల పోషణ వ్యయం ఎవరు భరించాలో 2017 నియమాలు నిర్దేశించాయి. మతవిధి ప్రకారం చేసే వధను 28వ సెక్షను మినహాయించగా, మద్రాసు రాష్ట్రంలో 1950లోనే వచ్చిన పశుపక్షి బలుల నిషేధ చట్టం ఆంధ్రప్రదేశ్‌లోనూ కొనసాగింది. 2014 నాటి నాగరాజ తీర్పులో సుప్రీంకోర్టు పశువుల ఐదు స్వేచ్ఛలను ఈ చట్టంలోకి చదివింది. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి-రోగం, భయం-వేదన లేకపోవడం, సహజస్వభావంతో మెలగగలగడం అవి. 1965 నాటి బ్రిటన్ బ్రాంబెల్ కమిటీ నివేదికలో వాటికి మూలముంది. గడ్డి, నీరు, గాలి కోరిన కూటదంతుని పలుకులకు, మందు, నీడ సమకూర్చిన అశోకుని ఆజ్ఞలకు ఇవి దూరమైనవి కావు.

అప్పన్న దూడలు

విడుదలకు, పోషణకు మధ్య ఎడం ఎంత ప్రమాదకరమో సింహాచలం కోడెమొక్కు చూపించింది. ఉత్తరాంధ్ర రైతులు కోడెదూడను సింహాద్రి అప్పన్నకు సమర్పించడం పాత మొక్కు. ఉపాధికోసం జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలలో ఆ ప్రాంతపువారికి కూడా ఇది తెలిసిన ఆచారమే. మొక్కులో వధ లేదు. పశువును దేవునికి ఇవ్వడమే. కాని పాలు మరవని వయసులో తల్లి నుండి వేరైన దూడ కొండకు చేరి చిక్కి శల్యమైతే, కత్తి చేయని పని ఆకలి చేస్తుంది. విశాఖ ఎస్‌పీసీఏ వంటి సంస్థలు ఈ దూడల మరణాలను ప్రజలకు తెలియజేసి, బ్రతికినవాటిని తమ ఆశ్రయాలకు తీసుకున్నాయి. వేములవాడ రాజన్న కోడెలను రైతులకు అందజేసే ఏర్పాటు వెనుక ఉన్నదీ ఇదే సమస్య. అచ్చోసిన ఆంబోతుకు ఊరి బీడు ఉండేది; నేటి దూడకు ఆ బీడు లేదు.

విహారాలలో నేడు జరిగే అభయదానాలకు, ప్రాణివిమోచన కార్యక్రమాలకు ఈ చరిత్ర ఒక హెచ్చరిక. వైశాఖపూర్ణిమ నాడు కటికవాని వద్ద కొన్న పశువును విడిచిపెట్టడం పుణ్యమే. కొన్న సొమ్ముతోపాటు దాని శేషజీవితపు మేతకు, పశువైద్యానికి పద్దు కూడా రాసినప్పుడే అది కూటదంతుని విడుదలకు సాటి అవుతుంది. ఆశ్రయాలు ఎక్కువగా ఆవుల చుట్టూ అల్లుకోవడం మరొక లోపం. ఖాణుమతంలో విడుదలైన వాటిలో మేకలు, పొట్టేళ్లు ఉన్నాయి. మహావిజితుని యజ్ఞంలో కోళ్లకు, పందులకు కూడా అభయం దక్కింది. వాటికి చోటిచ్చే ఆశ్రయాలు నేటికీ స్వల్పం.

పరిశోధకుల ముందు కూడా ఒక పని ఉంది. పింజ్రాపోల్‌ల, దేవాలయ గోశాలల పాత పద్దులలో ఎన్ని పశువులు వచ్చాయి, ఎన్ని బ్రతికాయి, గ్రాసానికి ఎంత ఖర్చయింది అన్న వివరాలు దొరికే అవకాశముంది. శాసనాలను సేకరించిన శ్రద్ధతోనే ఆ పద్దులనూ సేకరించి భద్రపరచాలి. ఎర్రగుడి బండ రాజు సంకల్పాన్ని చెబుతుంది. ఆ సంకల్పం పశువు నోటిదాకా చేరిందో లేదో గడ్డి లెక్కలే చెప్పగలవు.