పదవ తరగతి భౌతికశాస్త్ర పరీక్ష : ప్రశ్నపత్ర స్వరూపం, పరిణామం, పరిశీలనాంశాలు

ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు విద్యార్థి జీవితంలో తొలి మైలురాయిగా పరిగణింపబడుతున్నవి. ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయం ఏటా నిర్వహించే ఈ పరీక్షలలో చలనం, ధ్వని, కాంతి, విద్యుత్తు వంటి అంశాలపై విద్యార్థి అవగాహనను ఏ మేరకు, ఏ విధంగా పరీక్షిస్తున్నారన్నది ఫలితాల శాతాల మాటున మరుగున పడిపోతున్న ప్రశ్న. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయనశాస్త్రాల గ్రూపు ఎంపికకు, పాలిటెక్నిక్ ప్రవేశానికి, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో సీటుకు ఈ అవగాహనే పునాది. పాత్రికేయులకు, విద్యాశాఖ క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడే విధంగా ఈ పరీక్షకు సంబంధించిన ముఖ్యాంశాలు ఇక్కడ పొందుపరచడమైనది.

పాఠ్యాంశాల విభజన

రాష్ట్రంలో ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకాలను 8వ తరగతికి 2022-23లో, 9వ తరగతికి 2023-24లో, 10వ తరగతికి 2024-25లో దశలవారీగా ప్రవేశపెట్టడం జరిగింది. వీటి ప్రకారం చలనం, బలం - గమన నియమాలు, గురుత్వాకర్షణ, పని - శక్తి, ధ్వని అనే అధ్యాయాలు 9వ తరగతిలో ఉన్నవి. కాంతి పరావర్తనం - వక్రీభవనం, మానవుని కన్ను, విద్యుత్తు, విద్యుత్ ప్రవాహపు అయస్కాంత ఫలితాలు అనే నాలుగు అధ్యాయాలు 10వ తరగతిలో ఉన్నవి. భౌతిక రసాయనశాస్త్ర పత్రంలో మిగిలిన భాగం రసాయనశాస్త్రానికి చెందుతుంది.

ఈ విభజనలో గమనింపదగిన విషయం ఒకటున్నది. పబ్లిక్ పరీక్ష 10వ తరగతి పాఠ్యాంశాలకే పరిమితం. అందువలన కాంతి, విద్యుత్తు అంశాలలో విద్యార్థిని రాష్ట్రస్థాయిలో పరీక్షిస్తుండగా, యాంత్రికశాస్త్రం, ధ్వని తరంగాలలో అతని స్థాయిని నిర్ణయించేది 9వ తరగతి పాఠశాల పరీక్షలు మాత్రమే. అయితే ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రం మొదలయ్యేది చలనం, బలం, పని, శక్తి అధ్యాయాలతోనే. పదవ తరగతిలో మంచి మార్కులు పొందిన విద్యార్థి సైతం జూనియర్ కళాశాలలో అడుగిడిన తొలి మాసాలలో భౌతికశాస్త్రం కఠినమని భావించడానికి గల కారణాలలో ఇది ఒకటి. ఏడాది క్రితం చదివిన పాఠం, పబ్లిక్ పరీక్షకు రానందున మరల తిరగవేయని పాఠం, కళాశాలలో మొదటి రోజుననే అవసరమవుతున్నది.

పరీక్షా విధానంలో వచ్చిన మార్పులు

ఉమ్మడి రాష్ట్రంలో 2014 వరకు సామాన్యశాస్త్రానికి రెండు పత్రాలు ఉండేవి. భౌతిక, రసాయనశాస్త్రాలు మొదటి పత్రంగాను, జీవశాస్త్రం రెండవ పత్రంగాను ఒక్కొక్కటి 50 మార్కులకు నిర్వహించేవారు. ఇందులో 35 మార్కులు వివరణాత్మక ప్రశ్నలకు, 15 మార్కులు 'బిట్ పేపర్'గా వాడుకలో ఉన్న పార్ట్-బికి కేటాయింపబడినవి. ఒక్కొక్క బిట్‌కు అర మార్కు. ఈ విధానంలో నిర్వచనాలు, ప్రమాణాలు, సూత్రాలు కంఠస్థం చేసిన విద్యార్థికి అనుకూలత ఎక్కువగా ఉండేది.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005, విద్యాహక్కు చట్టం-2009, రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం-2011 నేపథ్యంలో నూతన పాఠ్యపుస్తకాలు రూపొందినవి. 10వ తరగతికి నూతన పుస్తకాలు 2014-15లో వచ్చినవి. ఆ తరువాత పబ్లిక్ పరీక్షలు నిరంతర సమగ్ర మూల్యాంకన విధానంలోకి మారినవి. పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు, పాఠశాలలో జరిగే నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలకు 20 మార్కులు నిర్దేశింపబడినవి. విషయావగాహన, ప్రశ్నించడం - పరికల్పనలు చేయడం, ప్రయోగాలు - క్షేత్ర పరిశీలనలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు గీయడం, నిజజీవిత వినియోగం మొదలైన విద్యాప్రమాణాల ఆధారంగా ప్రశ్నలు ఇవ్వడం ఈ విధానపు ప్రత్యేకత.

అంతర్గత మార్కుల కేటాయింపులో పాఠశాలల మధ్య ఏకరూపత లేదన్న అభ్యంతరాలు రాగా, 2019-20 విద్యాసంవత్సరం నుండి ఆంధ్రప్రదేశ్‌లో 20 అంతర్గత మార్కులు, విడిగా ఇచ్చే బిట్ పేపరు రద్దయినవి. కోవిడ్ కారణంగా 2020, 2021 సంవత్సరాలలో పబ్లిక్ పరీక్షలు జరుగలేదు. పదవ తరగతి మార్కులపై ఆధారపడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రవేశాలకు ఆ రెండు సంవత్సరాలలో ప్రత్యేక ప్రవేశ పరీక్ష నిర్వహించవలసి వచ్చింది. 2022లో పరీక్షలు 7 పత్రాలతో పునఃప్రారంభమైనవి. 2023లో 6 పత్రాలుగా మారి సామాన్యశాస్త్రం ఒకే రోజున జరిగింది. 2024 నుండి భౌతిక రసాయనశాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు రోజులలో 50 మార్కుల చొప్పున నిర్వహింపబడుతున్నవి.

పొరుగున ఉన్న తెలంగాణ రాష్ట్రం భిన్నమైన మార్గాన్ని అనుసరించింది. అక్కడ 80:20 విధానం కొనసాగింది. 2020లో పరీక్షలు రద్దయినప్పుడు 5 లక్షలకు పైగా విద్యార్థులకు అంతర్గత మార్కుల ఆధారంగానే గ్రేడ్లు ప్రకటించారు. అంతర్గత మార్కుల రద్దుకు 2024 నవంబరులో ఉత్తర్వులు వెలువడినప్పటికీ, 2025-26లో కూడా వాటిని కొనసాగించాలని 2025లో నిర్ణయం జరిగింది. ఈ రెండు రాష్ట్రాల అనుభవం ఒకే సమస్యకు రెండు పార్శ్వాలు. అంతర్గత మార్కులుంటే వాటి విశ్వసనీయత ప్రశ్నార్థకమవుతుంది. లేకుంటే ప్రయోగశాలలో విద్యార్థి చేసిన పనికి తుది ఫలితంలో స్థానం ఉండదు.

ప్రశ్నపత్ర స్వరూపం

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి అమలులో ఉన్న 50 మార్కుల భౌతిక రసాయనశాస్త్ర పత్రంలో 17 ప్రశ్నలు ఉంటాయి. 1 మార్కు ప్రశ్నలు 8, 2 మార్కుల ప్రశ్నలు 3, 4 మార్కుల ప్రశ్నలు 3, 8 మార్కుల ప్రశ్నలు 3 ఇస్తారు. 8 మార్కుల ప్రశ్నలకు అంతర్గత ఎంపిక ఉంటుంది. వ్యవధి 2 గంటలు.

మార్కుల పంపిణీ కంటే ముఖ్యమైనది ప్రశ్న ఏమి కోరుతున్నదన్న విషయం. ఒకే అంశంపై రెండు ప్రశ్నలు పూర్తిగా భిన్నమైన సామర్థ్యాలను కొలువగలవు. 'కటక నాభ్యంతరాన్ని నిర్వచింపుము' అనునది జ్ఞాపకశక్తికి పరీక్ష. 'కుంభాకార కటకంలో సగభాగాన్ని నల్లకాగితంతో కప్పిన ప్రతిబింబం ఏమగును?' అనునది అవగాహనకు పరీక్ష. ప్రతిబింబం సగమే ఏర్పడునని వ్రాసే విద్యార్థులు ఉంటారు. వాస్తవానికి ప్రతిబింబం పూర్తిగానే ఏర్పడి, ప్రకాశం మాత్రమే తగ్గును. వస్తువు నుండి వచ్చే కిరణాలు కటకపు ప్రతి భాగం గుండానూ ప్రయాణిస్తాయన్న సంగతి గ్రహించిన విద్యార్థి మాత్రమే దీనికి సరియైన సమాధానం వ్రాయగలడు.

విద్యుత్తులో సైతం ఇంతే. 6 ఓమ్‌ల నిరోధాలు రెండింటిని శ్రేణిలో కలిపిన 12 ఓమ్‌లు, సమాంతరంగా కలిపిన 3 ఓమ్‌లు అని సూత్రం తెలిసిన ప్రతి విద్యార్థీ లెక్కించగలడు. ఇండ్లలో దీపాలను, పంఖాలను సమాంతరంగానే ఎందుకు కలుపుతారన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, ఒక్కొక్క పరికరానికి పూర్తి పొటెన్షియల్ భేదం అందవలెనని, ఒకటి ఆగిననూ మిగిలినవి పనిచేయవలెనని తెలిసి ఉండాలి. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె రోజుకు 2 గంటల చొప్పున 30 రోజులు వాడిన 60 యూనిట్లు ఖర్చగునని లెక్కించి, తమ ఇంటి కరెంటు బిల్లుతో పోల్చుకొనగల విద్యార్థికి విద్యుత్ శక్తి పాఠం నిజముగా బోధపడినట్లే.

9వ తరగతి అంశాలకు కూడా ఇదే కొలబద్ద వర్తిస్తుంది. పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు దాని వేగం సున్నా. త్వరణం మాత్రం సున్నా కాదు, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు క్రిందివైపుగా ఉంటుంది. వేగం లేనిచోట త్వరణం కూడా ఉండదన్న అపోహను ఈ ఒక్క ప్రశ్న బయటపెడుతుంది. ధ్వనిలో 86 మీటర్ల దూరంలోని కొండ నుండి ప్రతిధ్వని అర సెకనులో వినిపించునని లెక్కించాలంటే, సెకనుకు 344 మీటర్ల వేగంతో పాటు, ధ్వని వెళ్ళి తిరిగి రావలెనన్న స్పృహ కూడా అవసరం. దూరాన్ని రెట్టింపు చేయని విద్యార్థికి వచ్చే సమాధానం పావు సెకను.

వాడుక మాట - శాస్త్ర పరిభాష

తెలుగు మాధ్యమ విద్యార్థులకు సంబంధించి మరొక అంశం ప్రస్తావనార్హం. వాడుక భాషలో బలం, శక్తి, సామర్థ్యం దాదాపు ఒకే అర్థంలో చెల్లుబాటవుతున్నవి. భౌతికశాస్త్రంలో ఇవి మూడు వేర్వేరు రాశులు. బలానికి ప్రమాణం న్యూటన్, శక్తికి జౌల్, సామర్థ్యానికి వాట్. వడి, వేగం అనే మాటల మధ్య వాడుకలో లేని భేదం పాఠంలో ఉన్నది. దిశతో కూడినదే వేగం. 'కరెంటు' అనగా ఇంట్లో విద్యుత్తు అంతా, పుస్తకంలో విద్యుదావేశం ప్రవహించే రేటు మాత్రమే. దుకాణంలో కిలోలలో చెప్పే 'బరువు' శాస్త్ర దృష్టిలో ద్రవ్యరాశి. సమాధానపత్రాలలో కనిపించే పొరపాట్లను తెలివితేటల లోపంగా భావించే ముందు ఈ మాటల తేడాను గమనించవలసి ఉన్నది. తెలుగు, ఆంగ్ల పాఠాలు ఎదురెదురు పుటలలో ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ విషయంలో కొంత తోడ్పడతాయి.

ప్రయోగం - కాగితం

పదవ తరగతి పబ్లిక్ పరీక్షలలో భౌతికశాస్త్రానికి ప్రత్యేక ప్రయోగ పరీక్ష లేదు. ఓమ్ నియమాన్ని సరిచూచు ప్రయోగాన్ని విద్యార్థి కాగితంపైనే వివరిస్తాడు. అమ్మీటరును శ్రేణిలోను, వోల్టుమీటరును సమాంతరంగాను కలుపవలెనని చేతితో తీగలు కలిపి చూచిన విద్యార్థీ వ్రాస్తాడు, గైడు చదివిన విద్యార్థీ వ్రాస్తాడు. ఇరువురికీ సమానంగా మార్కులు లభిస్తాయి. ఈ తేడాను ప్రశ్నపత్రం కొంతవరకు పట్టుకొనగలదు. కొలతల పట్టికను ఇచ్చి అందులో పొసగని కొలతను గుర్తింపుమనడం, తప్పుగా కలిపిన వలయాన్ని సరిచేయుమనడం, గ్రాఫు నుండి నిరోధం కనుగొనుమనడం ఇందుకు మార్గాలు. ప్రయోగం చేసిన విద్యార్థికి ఇవి సులభం, చేయని విద్యార్థికి కష్టం.

అన్నింటికీ ఖరీదైన పరికరాలు అవసరం లేదు. రెండు బ్యాటరీ సెల్‌లు, టార్చి బల్బులు, కొన్ని తీగలతో శ్రేణి, సమాంతర సంధానాల భేదం తరగతి గదిలోనే చూపవచ్చును. కుంభాకార కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకొని, దూరాన ఉన్న చెట్టు ప్రతిబింబాన్ని గోడపై పడునట్లు చేసి, గోడకు కటకానికి గల దూరం కొలిచిన నాభ్యంతరం సుమారుగా తెలియును.

మూల్యాంకనం

స్పాట్ వాల్యుయేషన్‌లో భౌతికశాస్త్ర సమాధానాలకు సోపానాల వారీగా మార్కులు ఇచ్చే పద్ధతి ఉన్నది. సూత్రం, ప్రతిక్షేపణ, గణన, ప్రమాణం దేనికదే పరిగణనలోకి వస్తాయి. కిరణ చిత్రాలలో బాణపు గుర్తులు లేకపోవడం, దర్పణ, కటక లెక్కలలో సంజ్ఞా సంప్రదాయాన్ని పాటించకపోవడం, తుది విలువకు ప్రమాణం వ్రాయకపోవడం తరచుగా మార్కులు కోల్పోయే సందర్భాలు. ఫలితాలపై సందేహమున్న విద్యార్థులకు రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ సౌకర్యం, ఉత్తీర్ణులు కానివారికి అదే సంవత్సరం అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు అందుబాటులో ఉన్నవి.

ఉన్నత ప్రవేశాలతో సంబంధం

రాష్ట్రంలో పాలిటెక్నిక్ కోర్సులకు నిర్వహించే పాలిసెట్‌లో 120 ప్రశ్నలకు గాను గణితానికి 50, భౌతికశాస్త్రానికి 40, రసాయనశాస్త్రానికి 30 కేటాయించారు. పబ్లిక్ పరీక్షలో భౌతిక, రసాయనశాస్త్రాలు కలిసి ఒకే 50 మార్కుల పత్రంగా ఉండగా, ఇక్కడ భౌతికశాస్త్రం ఒక్కటే మూడవ వంతు. గ్రామీణ విద్యార్థి డిప్లొమా సీటు అనేక సందర్భాలలో కాంతి, విద్యుత్తు లెక్కలపైననే ఆధారపడుతున్నది.

పరిశీలనాంశాలు

ఫలితాల వెల్లడి సమయంలో ఉత్తీర్ణత శాతం, జిల్లాల స్థానాలు పత్రికలలో ప్రముఖంగా ప్రచురింపబడుట సహజం. వాటితో పాటు మరి మూడు అంశాలు పరిశీలనకు యోగ్యమైనవి. మొదటిది, ప్రశ్నపత్రంలో జ్ఞాపకశక్తిపై ఆధారపడిన ప్రశ్నలెన్ని, అవగాహనపై ఆధారపడినవెన్ని అన్నది. రెండవది, ప్రయోగం చేసి ఉంటేనే సమాధానం చెప్పగల ప్రశ్న ఒక్కటైనా ఉన్నదా అన్నది. మూడవది, 9వ తరగతిలోని యాంత్రికశాస్త్రం, ధ్వని అంశాలను 10వ తరగతి విద్యార్థులతో పాఠశాలలు పునశ్చరణ చేయిస్తున్నవా అన్నది. మండల విద్యాధికారులు, ఉప విద్యాధికారులు పాఠశాలల తనిఖీ సందర్భంగా ప్రయోగశాల రిజిస్టరుతో పాటు, ఒక విద్యార్థిచే బల్బు వెలిగింపజేసి చూచినచో వాస్తవ పరిస్థితి వెంటనే తెలియగలదు. పరీక్షలో ఏది అడుగుతారో తరగతిలో దానినే బోధించడం సర్వసాధారణం. కనుక ప్రశ్నపత్రాన్ని రూపొందించే ఉపాధ్యాయుని కలమే ఏడాది పొడవునా వేలాది తరగతి గదులలో జరిగే బోధనను నిర్దేశిస్తున్నదని గుర్తించడం అవసరం.