జెనోసైడ్: ఒక న్యాయవాది పుట్టించిన మాట

1944కు ముందు ఈ మాట ఏ నిఘంటువులోనూ లేదు. నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన పోలండ్ యూదు న్యాయవాది రఫేల్ లెమ్కిన్, జాతి అనే అర్థమున్న గ్రీకు ‘గెనోస్’కు చంపడమనే లాటిన్ ధాతువు చేర్చి దీన్ని పుట్టించాడు. అంతటితో ఆగలేదు. ఐక్యరాజ్యసమితిలో ప్రతినిధుల వెంటపడి తిరిగాడు. 1948 డిసెంబరు 9న జెనోసైడ్‌ను నేరంగా ప్రకటించే ఒప్పందం అక్కడ ఆమోదం పొందింది.

అందులో కీలకం ఉద్దేశం. ఎంతమంది చనిపోయారన్నది కాదు, ఒక జాతిని గానీ మతసమూహాన్ని గానీ పూర్తిగానో కొంతమేరకో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువు కావాలి. పిల్లల్ని బలవంతంగా మరో సమూహానికి తరలించడం కూడా ఆ ఉద్దేశంతో చేస్తే ఈ నేరమే. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వాదనలు తరచూ చిక్కుబడేది ఈ ఉద్దేశాన్ని రుజువు చేయడం దగ్గరే. అందుకే ప్రతి ఊచకోతకూ ఈ పేరు పెట్టేయకూడదు.

లెమ్కిన్ 1959లో కన్నుమూశాడు. అమెరికా ఈ ఒప్పందాన్ని ధ్రువీకరించింది 1988లో.