మట్టిమిద్దె ఎత్తు

డోన్, ప్యాపిలి, పత్తికొండ ప్రాంతముల పాత మట్టిమిద్దెలలో అడుగిడువాడు తల వంచక తప్పదు. వచ్చినవారికి వినయము నేర్పుటకే పెద్దలు అట్లు కట్టించిరని కొందరు చమత్కరింతురు. కాని అసలు కారణములు వేరు. చెట్టు కరవైన సీమలో పొడవైన స్తంభము దొరకుట కష్టము. మట్టితో పేర్చిన రాతిగోడను ఎత్తుగా లేపిన కొలది వెడల్పును పెంచవలెను. పైగా మందమైన మట్టికప్పు క్రింద వేసవిలో చల్లగా నుండును.

ఆ కప్పు కట్టుబడి ముచ్చటైనది. దూలములకు అడ్డముగ దంతెలు పరచి, వానిపై కట్టెలో, పలుచని బండలో కప్పి, మట్టిని దిమ్మిస కొట్టి, చివరకు చౌడు పరతురు. చౌడులోని సోడియము వలన బంకమట్టి తడియగానే ఉబ్బి తన రంధ్రములను తానే పూడ్చుకొనును, నీరు దిగదు. మన అవ్వలకు రసాయనశాస్త్రము తెలియదు గాని, ఏ చేని చౌడు మంచిదో చక్కగా తెలియును.

చిక్కు కూడ ఈ చౌడుతోనే వచ్చినది. పాతది తీయక, వానల ముందర క్రొత్తది పరచుచు పోగా కప్పు మందమగును. ఘనపుటడుగు మట్టి సుమారు 45 కిలోలు తూగును. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిపై అడుగు మందము మట్టి యున్నచో 5 టన్నులకు పైబడిన బరువు! అది ముసురులో తడిసి, చెద తిన్న దంతెపై కూర్చున్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. మిద్దె కూలి నిద్రలోనే ప్రాణములు పోయిన వార్తలు నేటికిని వినుచునే యున్నాము.

ఇక వీధి ఎత్తైన కొలది, నీరు రాకుండుటకై ఇంటినేలపై మరల మరల బండలు పరచిరి. ఈ విధముగ ఇల్లు క్రిందినుండియు కురుచయైనది.

ధాత కరవు (1876–78) తరువాత, 1880 దశకమున బళ్లారి–కృష్ణా రైలుమార్గ నిర్మాణము సాగినది. డోన్ రైలు కూడలి యైనది. అరిగిన రైలుపట్టాలను దూలములుగ వాడుట దక్షిణదేశమున పలుచోట్ల కన్పించును. బేతంచెర్ల బండలు ఈ ప్రాంతమునకు చేరువలోనివే. పొడవైన కలప లేకయే కప్పు వేయుటకు ఇట్లు దారి దొరకినది.

మట్టిమిద్దెను ఉన్నదున్నట్లు పైకెత్తుట కుదరని పని. ముందుగా మట్టిని అన్ని వైపుల సమముగ దింపవలెను. ఒకే ప్రక్క త్రవ్వినచో బరువు ఒరిగి గోడ తోసికొనును. పిదప దంతెలు, దూలములు దింపి, గోడ గుండుకు నిలుచుచున్నదో లేదో చూచి, రెండు ముఖములను కలుపు కట్టురాళ్లతో పైవరుసలు లేపవలెను. పొట్ట విచ్చిన గోడపై ఒక్క వరుసయు పెట్టరాదు. 1970లో తొలిసారి వెలువడిన జాతీయ భవన నియమావళి, సవరణల పిదప, నివాసపు గదికి 2.75 మీటర్ల ఎత్తు కోరుచున్నది, అనగా తొమ్మిదడుగులు.

ఎత్తు పెరిగినంతనే చల్లదనము రాదు. మట్టి పోయి బండయో, సిమెంటు కప్పో వచ్చినచో పగటి ఎండ రాత్రికి ఇంటిలోనికి దిగును. పూర్వము వెలుతురు నిచ్చి, పొగను, వేడిగాలిని పైకి పంపినది గవాచి. దానిని మూసివేయువారు క్రొత్తగోడ పైవరుసలలో, కప్పునకు చేరువగా, ఎదురెదురుగ రెండు కంతలైనను విడువవలెను.