పాతబస్తీలో పగడము

ముత్యాల నగరమని హైదరాబాదును లోకము కొనియాడుచుండగా, ఆ ముత్యములతో ఒకే దారమున గ్రుచ్చబడి, ఒకే త్రాసున తూగుచు, తెలుగు ఇల్లాలి మెడలో నల్లపూసల నడుమ చేరుచు వచ్చిన పగడమునకు ఈ నగర చరిత్రలో తగిన స్థానము దొరకలేదు. చార్మినారు కడనుండి బయలుదేరి, గుల్జార్ హౌజ్ మీదుగా మచ్లీ కమాను దాటి, 1908 నాటి మూసీ వరద తరువాత నగరాభివృద్ధి మండలి కట్టించిన పత్తర్‌గట్టి రాతి కమానుల క్రిందికి వచ్చువారికి, ముత్యపు సరుల సరసనే ఎర్రని పగడపు పేరులు నేటికిని కనబడును. సముద్రమెరుగని ఈ రాతి పీఠభూమికి ఆ సముద్రజీవి ఎట్లు వచ్చెను, ఇన్ని శతాబ్దములు ఏ రూపమున మనకు పరిచితమైయుండెను, నేడు గృహస్థుల గాజుతొట్లలో ఏ రూపమున మరల ప్రవేశించుచున్నది అను మూడు ప్రశ్నలును ఒక్క కథకే చెందినవని నా నమ్మకము.

మన నగలలోని ఎర్రపగడము మన సముద్రములలో పుట్టినది కాదు. దాని జన్మస్థానము మధ్యధరా సముద్రము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను పండితుడు ప్లినీ, భారతదేశపు ముత్యములను తమవారు ఎంత ప్రియముగా చూతురో తమ పగడమును భారతీయులు అంత ప్రియముగా చూతురని వ్రాసెను. ఆ శతాబ్దమునకే చెందిన పెరిప్లస్ అను గ్రీకు నావికగ్రంథము, మన పడమటి రేవులకు దిగుమతి యగు సరుకులలో పగడమును పేర్కొన్నది. తెలుగు తీరమునకు వచ్చినచో, కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమునందు కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు మొదలగువానితోపాటు పగడమునకును సుంకము నిర్ణయింపబడినది. ఓడ పగిలి తీరము చేరిన వర్తకుని సొత్తును రాజులు అపహరించు ఆచారమును మాన్పి అభయమిచ్చిన ఆ మహారాజు, ఏ సరుకులకొరకు వారిని ఆదరించెనో ఆ పట్టికలో పగడముండుట గమనింపదగినది.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాదును నిర్మించిన పిమ్మట ఈ వాణిజ్యమునకు కొత్త బలము చేకూరెను. రాజధానికి సముద్రద్వారము మచిలీపట్నము. రాజ్యమునకు ధనాగారము కృష్ణాతీరపు కొల్లూరు వజ్రపుగని. పదునేడవ శతాబ్దమధ్యమున గోలకొండ రాజ్యమునకు పలుమార్లు వచ్చి ఆ గనులను కన్నులార చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, తన యాత్రాగ్రంథమున వజ్రములను గూర్చి వ్రాసినట్లే పగడమును గూర్చియు ప్రత్యేకముగ వ్రాసి, సార్డీనియా, కోర్సికా, సిసిలీ, ఆఫ్రికా ఉత్తరతీరము మొదలగు చోట్ల అది ఎట్లు దొరకునో వివరించెను. ఒకే వర్తకుని లేఖిని ఈ రెంటిని చేర్చుట యాదృచ్ఛికము కాదు. లివోర్నో నగరపు యూదువర్తకులు గోవా మీదుగాను, లండను యూదువర్తకులు మద్రాసు మీదుగాను పగడమును పంపి దానికి మారుగా వజ్రములను తెప్పించుకొనిరి. మద్రాసు జార్జిటౌనులో పగడపు వర్తకుల వీధి నేటికిని ఆ పేరుననే ఉన్నది. గోలకొండ వజ్రమును గూర్చి మనము ఎన్నియో గ్రంథములు వ్రాసికొంటిమి. ఆ వజ్రమునకు ఎదురుగా త్రాసు రెండవ తట్టలో కూర్చున్న పగడమును మాత్రము మరచితిమి.

ఇట్లు వచ్చిన పగడమును మనవారు మూడు విధముల ఎరుగుదురు. అది ఆభరణము: ఆడపిల్ల పెండ్లినాడు సూత్రములకు ఇరుప్రక్కల చేరు మంగళద్రవ్యము. అది గ్రహరత్నము: కుజదోషమున్నవారు ఉంగరమున ధరించునది. అది ఔషధము: వైద్యుల ప్రవాళభస్మము, యునానీ హకీముల కుష్తా మర్జాన్. దుకాణమున అనుభవజ్ఞుడైన వర్తకుడు పగడపు పూసను భూతద్దము క్రింద త్రిప్పి చూచును; అసలు పగడమైనచో దాని దేహమున కొమ్మ పెరిగిన దిక్కుననే సన్నని సమాంతర రేఖలు కనబడును, గాజుపూసలో అవి యుండవు. ఇంటి పెద్దలు పగడమునకు అత్తరు తగులనీయరు. అది సున్నపు పదార్థమగుటచే పులుసు తగిలినను నిగ్గు తగ్గునని వారికి అనుభవమున తెలియును. ఇంత ఎరిగిన నగరమునకు, అది ప్రాణియను సంగతి మాత్రము తెలియు అవకాశము లేకపోయెను. ఏలయన కొమ్మ ఇచ్చటికి వచ్చునప్పటికే అందలి ప్రాణము పోయి, ఎముక మాత్రమే మిగిలియుండెను. ఏడాదికి అర మిల్లీమీటరైనను లావెక్కని ఆ కొమ్మను, రాళ్ళు కట్టిన కొయ్యసిలువకు వలలు వ్రేలాడదీసి సముద్రపుటడుగున ఈడ్చి విరిచి తెచ్చెడివారు. పూస వెనుక ఎన్ని ఏండ్ల జీవితము గతించెనో ధరించినవారికి తెలియదు.

పండితలోకమునకును ఆ సత్యము చాల ఆలస్యముగ తెలిసెను. పదునెనిమిదవ శతాబ్దారంభమున మార్సిలీ అను ఇటలీ పండితుడు అప్పుడే తీసిన పగడపు కొమ్మను సముద్రజలము నింపిన పాత్రలో ఉంచగా, దానిపై తెల్లని పూవులు విప్పుకొనుట చూచి, పగడము మొక్కయని నిశ్చయించెను. కొన్ని ఏండ్లకు పెస్సొనెల్ అను మార్సేయి వైద్యుడు అట్లే పరిశీలించి, అవి పూవులు కావు, చిన్ని జంతువులని ప్రకటింపగా, పారిస్ పండితులు ఆ మాటను చాలకాలము అంగీకరింపరైరి. పగడమునకు ప్రాణమున్నదని మనుష్యునికి తెలిపినది ఒక పాత్రెడు ఉప్పునీరు.

ఆ పాత్రయే నేడు గాజుతొట్టియై పాతబస్తీ ఇండ్లలో అడుగుపెట్టుచున్నది. అందు పెంచు మెత్తపగడములు నగల పగడమునకు పరాయివి కావు. రెంటికిని జీవకణికకు ఎనిమిదేసి స్పర్శకములు, వానికి ఈకవలె అంచులు. ఎర్రపగడమున సున్నపు సూక్ష్మకణికలు కరడుకట్టి రత్నమైనవి, మెత్తపగడమున అవి మాంసములో విడివిడిగా నిలిచిపోయినవి. అంతియ భేదము. మనము తరతరములుగా మెడలో ధరించినదాని బంధువు మన ఇంట బ్రతికియుండుట చరిత్రలో ఇదియే ప్రథమము. కనుక దాని క్షేమమును విచారించుట ఈ కథకు బయటిది కాదు.

దుకాణదారులు లెదర్ కోరల్ అని పిలుచు జాతి పుట్టగొడుగువలె ఉండును. ఒకనాడు ఆ గొడుగు ముడుచుకొని, స్పర్శకములను లోనికి లాగుకొని, మీద మైనము పూసినట్లు మెరయు పలుచని పొర పట్టును. కొత్తవారు చచ్చినదని భయపడి పారవేయుదురు. చచ్చినది కాదు; మీద పేరుకొన్న నాచును మలినమును ఆ పొరతో విడుచుచున్నది. నీటి వాలు తగుమాత్రముగ తగులుచున్నచో కొన్ని దినములలో, ఒక్కొక్కప్పుడు రెండు వారములకు, పొర జారిపోయి స్పర్శకములు మరల విప్పారును. దుర్వాసన కొట్టుచు మాంసము నల్లబడి కరగుచున్నచో మాత్రము అది జబ్బు. పదునైన బ్లేడుతో కుళ్ళిన మేర కోసివేసి, మిగిలినదానిని శుభ్రమైన ఉప్పునీట నిలుపవలయును.

ఈ నగరమున దాని కష్టములకు మూలము తరచుగా నీరే. కావలసిన నీటి సాంద్రత 1.025, వేడిమి 25 డిగ్రీల ప్రాంతము. వేసవిని 40 డిగ్రీలు దాటు ఎండలో తొట్టి నీరు త్వరత్వరగా ఇగిరిపోవును. ఇగురునది నీరేగాని ఉప్పు కాదు. తగ్గినందులకు బదులు ఉప్పునీరే పోయుచు పోయినచో ఉప్పు దినదినమును చిక్కబడి, కారణము తెలియకయే పగడము కృశించును. కావున తగ్గినంత మేరకు ఉప్పులేని శుద్ధజలమునే కలుపవలయును. అదియు దక్కను రాతిపొరల బోరునీరు కారాదు, క్లోరిను కలిసిన కుళాయినీరును కారాదు. ఆర్వో యంత్రమున వడిసినదై యుండవలయును. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు ప్రాణవాయువు తగ్గకుండ బ్యాటరీతో నడచు గాలిపంపును సిద్ధముగ ఉంచవలయును. దీపపు వెలుగును ఒక్కసారిగ పెంచరాదు. దాని మాంసమున నివసించి ఆహారము సమకూర్చు సూక్ష్మశైవలములు ఆ తాకుడునకు ఓర్వజాలవు. అన్నిటికంటె మిన్నగా, జబ్బు కనబడినంతనే నాలుగు మార్పులు ఒకేసారి చేయక, ఒకటి చేసి, ఫలితము చూచి, రెండవదానికి పోవు ఓర్పు కావలయును.

ఇచ్చట నేను చెప్పదలచినది ఒక్కటే. పాత వాణిజ్యమున కొమ్మ విరిచిన క్షణమే పగడపు కథ ముగిసెడిది; ఎంత నైపుణ్యమున్నను వర్తకుడు దానిని ఒక్క గోరంతయైనను పెంపజాలడు. మెత్తపగడమున కోసిన ముక్క రాతికి అంటుకొని మరల ఒక పూర్ణప్రాణియగును. ఒకనిని బ్రతికించుట నేర్చినవాడు పది ఇండ్లకు పంచగలడు. 2001నుండి దిబ్బలు కట్టు గట్టి పగడములను, సముద్రపు విసనకర్రలను మన వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలున చేర్చి, పెద్దపులితో సమానమైన రక్షణ నిచ్చినది. కావున కొనువాడు అది సముద్రమునుండి విరిచినదా, తొట్టిలో పెంచిన ముక్కయా యని అడిగి, పెంచినదానినే తెచ్చుకొనుట ధర్మము. పూసను చూచి అసలు నకిలీ తేల్చు నేర్పు పత్తర్‌గట్టి వర్తకులకు తరతరముల సొత్తు. అంతటి పరిశీలన ప్రాణమున్న పగడముపైకిని మరలినచో, సముద్రమునుండి తీసికొనుటయే తప్ప ఇచ్చుట ఎరుగని ఈ ప్రాచీన వాణిజ్యమునకు, ప్రాణము తీయక ప్రాణము పంచు ఒక కొత్త శాఖ ఈ నగరముననే ఏర్పడగలదు.